నా లాప్‌టాప్‌లో ఆయన బోర్డు

రెండు నెలల కిందట, ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో కొత్తగా చేరిన ఒకతను నా పక్కన కూర్చుని, "అన్నా, గేమింగ్ లాప్‌టాప్‌లో ప్రాసెసర్ తీసేసి నెక్స్ట్ జనరేషన్‌ది వేయించుకోవచ్చునా?" అని అడిగాడు. "కుదరదు. ముందు తిను" అని విసుక్కున్నాను. పాపం, అతను బిక్కమొహం వేసుకుని రాగిముద్ద వైపు తిరిగాడు. అతని తప్పేమీ లేదు. ఆ ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పే మనిషి ఒకాయన కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేటలో ఉండేవాడు. ఆయన పోయాడన్న కబురు నాకు ఆ ముందురోజే తెలిసింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. అంగడికే పేరు రాయించుకోని మనిషి. "బోర్డు పెట్టించకూడదా మామా?" అని ఒకసారి అడిగితే, "వచ్చేవాళ్ళు వస్తానే ఉండారు కదప్పా. ఇంగా రాయించి ఎవుర్ని పిలిచేది?" అన్నాడు. ఊళ్ళో అందరికీ ఆయన లాప్‌టాప్ మేస్త్రీ. బంగారు గనుల వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి, గనులు మూతపడ్డాక రేడియోలు, టీవీలు బాగుచేస్తూ చివరికి లాప్‌టాప్‌ల దగ్గరికి వచ్చాడు. ఆయన గురించి చరిత్రలాగా నాకు తెలిసింది ఇంతే.

ఆయన అంగడిలో ఒక మాట అనకూడదు. మనవాళ్ళకు అలవాటు కదా, లాప్‌టాప్ బల్ల మీద పెడుతూనే "డెడ్ అయిపోయింది మేస్త్రీ" అంటారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. "ఆ మాట వద్దప్పా. ఆడలేదని చెప్పు. అది అయినోళ్ళని మేము కేజ్‌లో పైకి తెచ్చిండాము" అనేవాడు. కేజ్ అంటే గనిలోకి మనుషుల్ని దించే ఇనుప పెట్టె. కాలేజీ పిల్లలకు ఇదంతా వింతగా ఉండేది. అయినా మళ్ళీ వచ్చినప్పుడు గడపలోనే జ్ఞాపకం తెచ్చుకుని "ఆడలేదు మేస్త్రీ" అనేవారు.

ఇంకొక అలవాటు. మరమ్మతు అయిపోయి కరెంటు ఇచ్చే ముందు స్క్రూడ్రైవర్ పిడితో బల్ల మీద మూడుసార్లు కొట్టేవాడు. గనిలో మూడుసార్లు గంట కొడితే కేజ్‌లో మనుషులు ఎక్కారు, నెమ్మదిగా దించమని అర్థమట. "దీంట్లో మనుషులెవరున్నారు మామా?" అని నేను ఎగతాళి చేస్తే, "ఉంటారులే, ఎవురో ఒకరి సంసారం ఉంటాది" అన్నాడు. విప్పిన స్క్రూలను డబ్బాలో వేసేవాడు కాదు. పలక మీద సుద్దముక్కతో లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడ విప్పితే ఆ బొమ్మలో అక్కడే పెట్టేవాడు. వాన పడుతున్నా, గిరాకీ తొందరపెడుతున్నా ఆ బొమ్మ గీయకుండా పని మొదలుపెట్టేవాడు కాదు.

నేను ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళింది నా అవసరం కోసం. మాది మాస్తి దగ్గర ఒక పల్లె. ఇంట్లో పట్టుపురుగులు మేపుతాం. నేను అక్కడికి దగ్గరలోనే నరసాపురంలో బండ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద బోల్టులు బిగిస్తూ ఉండేవాణ్ణి. షిఫ్టు అయ్యాక వీడియోలు చూసి కంప్యూటర్‌లో డిజైన్ గీయడం నేర్చుకున్నాను. అందుకోసమే ఎవరో వాడి వదిలేసిన గేమింగ్ లాప్‌టాప్ ఒకటి కొన్నాను. ఆ ఏడు డిజైన్ సెక్షన్‌లోకి లోపలివాళ్ళనే తీసుకుంటామని చెప్పారు. బండిలో ఏదో ఒక భాగాన్ని కొత్తగా గీసి, దాని మీద బరువు పడితే ఎలా వంగుతుందో లాప్‌టాప్‌లో ఆడించి ఆఫీసర్ల ముందు చూపించాలి. ఆ నెలతో నా కాంట్రాక్టు అయిపోతుంది. నెగ్గితే పర్మనెంటు ఉద్యోగం, లేదంటే ఇంటికి పోయి మల్బరీ ఆకు కోసుకోవడమే.

నేను బండికి కాలు ఆనించే ఫుట్‌రెస్టు గీశాను. గీయడం బాగానే గీశాను. బరువు పెట్టి ఆడించబోతే లాప్‌టాప్ రొప్పుతూ రొప్పుతూ ఆగిపోయేది. ప్రాసెసర్ పాతది, అందుకే ఇలా అని నాకు నేనే తేల్చేసుకున్నాను.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రీ.

"బలే స్లో అయిపోయింది మామా. దీని తరవాత జనరేషన్ ప్రాసెసర్ ఉండాది కదా, అది ఎయ్యాల."

ఆయన పలక మీద బొమ్మ గీసి, వెనక మూత విప్పి, ఫ్యాను మీద పేరుకున్న దుమ్మును వేలితో తీసి వాసన చూశాడు. రెండు వేళ్ళ మధ్య నలిపాడు. వేళ్ళు తెల్లబడ్డాయి.

"మీ ఇంట్లో పురుగు మేపుతారా?"

"అవును మామా. ఎట్ల తెలిసింది?"

"సున్నం. పురుగు గదిలో పెట్టినావా దీన్ని?"

నాకు సిగ్గేసింది. మా ఇళ్ళలో అన్నిటికంటే చల్లని గది పురుగుల గది. కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి ఉంచుతాం. గేమింగ్ లాప్‌టాప్ వేడెక్కుతుంది కదా, చల్లటి చోట ఉంటే మంచిదని తట్టల పక్కనే బల్ల వేసుకున్నాను. పురుగులకు తెగులు రాకుండా మా అమ్మ రోజూ వాటి మీద సున్నప్పొడి చల్లేది. ఆ పొడంతా ఈ ఫ్యాన్లు పీల్చుకున్నాయి.

"చల్లగా ఉంటాదని పెట్టినాను" అన్నాను.

"పురుక్కి చల్లన కావాల. దీనికి ఆరిన గాలి కావాల. నీకి కొత్త ప్రాసెసర్ వద్దప్పా, వేరే గది కావాల" అన్నాడు. పక్కనున్న గిరాకీ కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"అది సరే మామా, ప్రాసెసర్ మాట చెప్పు. నువ్వు ఎంతో మందికి మార్చినావంట కద?"

"మార్చినాను. అప్పటి మెషీన్లకు సాకెట్ ఉండె. పాతది ఎత్తి ఇంగొకటి పెట్టేది. అది కూడా అదే తరందే, పై తరంది కాదు. ఇప్పుడు మదర్‌బోర్డుకే అతికించి పంపిస్తారు. కింద లెక్కలేనన్ని సోల్డర్ చుక్కలు. పీకినావనుకో, కొత్తది అతికించినావనుకో, ఈ బోర్డు దాన్ని గుర్తుపట్టల్ల కద? దానికి కావల్సిన కరెంటు ఈ దారుల్లో పోవల్ల కద? గనిలో షాఫ్ట్, అంటే కేజ్ దిగే బావి, తవ్వినప్పుడే ఎంత కేజ్ పడతాదో తేలిపోతాదప్పా. పెద్ద కేజ్ కొనుక్కొస్తే షాఫ్ట్ వెడల్పవుతాదా? ర్యామ్ ఎక్కువ చేసుకో, మంచి డిస్క్ ఏసుకో, గాలి సరిగ్గా ఆడేట్ల చూసుకో. దానికి మించి దీని దగ్గర అడగొద్దు."

ఫ్యాన్లు కడిగినంత శుభ్రం చేసి, ప్రాసెసర్ మీద కొత్త పేస్టు పూసి, ర్యామ్ పెంచి ఇచ్చాడు. అది ఆడుతోందో లేదో నేను చూసుకుంటూ ఉండగా, "నాదీ ఇదే మోడల్" అని తన లాప్‌టాప్ తెరిచి చూపించాడు.

అందులో ఏముందో చూసి నేను నోరు తెరిచాను. చిన్న పిల్లలు ఆడుకునే ఆట ఒకటి, గడులు గడులుగా భూమి తవ్వి ఇళ్ళూ కోటలూ కట్టేది. అరవై దాటిన ఈ మనిషి దాంట్లో తాను పనిచేసిన గనినంతా తవ్వుతున్నాడు! పైన దీపాల గది, షాఫ్ట్, కేజ్, కింద ఒక్కొక్క లెవల్, పంపుల గది, పట్టాలు, మోటార్లు పెట్టిన గూళ్ళు, అన్నీ ఉన్నాయి. ఏ గోడకు ఎక్కడ నీళ్ళు కారేవో అక్కడ నీళ్ళు కారుతున్నాయి. మామూలు లాప్‌టాప్‌లో తెరిస్తే రెండో లెవల్ దగ్గరే బిగుసుకుపోతుందట. అందుకే ఈ మోడల్ కొనుక్కున్నాడు.

"మా నాయన డ్రిల్లు పట్టింది ఇంగా కిందప్పా. అంత దూరం ఇంగా తవ్వలేదు. నిజం గనిలో నీళ్ళు నిండిపోయిండాయి, ఎవురూ దిగేదానికి లేదు. నాకి జ్ఞాపకం ఉండేంత వరకు దీంట్లో దిగతా ఉంటాను" అన్నాడు. నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. మౌస్ పట్టుకున్న చేతిని మాత్రం తియ్యలేదు.

లాప్‌టాప్ ఇంటికి తెచ్చి వసారాలో పెట్టుకున్నాను. ఇప్పుడు ఆగిపోవడం లేదు. మునుపు పూర్తే కానిది ఇప్పుడు పొద్దున పెడితే మధ్యాహ్నానికి అవుతోంది. బుద్ధి ఉన్నవాడైతే అక్కడితో ఊరుకునేవాడు. నాకు ఆశ. కంపెనీ బస్సులో నా పక్కన కూర్చునేవాడు ఒకడు, "కేజీఎఫ్ ముసలాయనకు ఏం తెలుసు? బెంగళూరులో ఒకడుండాడు, ఏ ప్రాసెసర్ కావాలన్నా ఏసిస్తాడు" అన్నాడు. వీడియో కూడా చూపించాడు. సెలవు పెట్టి వెళ్ళాను. ఒక సందులో ఉన్న ఆ అంగడివాడు బోర్డును వేడిచేసి ప్రాసెసర్ పీకాడు, ఇంకేదో అతికించాడు, మళ్ళీ పీకాడు. సాయంత్రానికి అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి, "మీ బోర్డే సరిలేదు" అని నా చేతికిచ్చాడు.

ఆ రోజు శుక్రవారం. సోమవారం పొద్దున ఆఫీసర్ల ముందు చూపించాలి.

శనివారం కవరు పట్టుకుని మేస్త్రీ ముందు నిలబడ్డాను. నోటిదాకా వచ్చిన మాట మింగి, "ఆడలేదు మామా" అన్నాను. ఆయన బోర్డు తీసి వెలుతురుకు ఎత్తి చూశాడు. ఒక మూల వంగిపోయి ఉంది, మధ్యలో గోధుమరంగు మచ్చ. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఎవురు చెప్పినారప్పా నీకి?" అన్నాడు.

నేను కవర్లో మిగిలిన స్క్రూలు ఏరి బల్ల మీద పెట్టాను.

"చూపించేది ఎప్పుడు?"

"సోమవారం పొద్దున."

"డిస్క్ బాగుండాది. గీసిందంతా దీంట్లోనే ఉండాది కద?"

"దీంట్లోనే."

"రేపు పదిగంటలకు రా."

ఆదివారం నేను వెళ్ళేసరికి ఆయన పనిలో ఉన్నాడు. పలక మీద బొమ్మ, బొమ్మ మీద స్క్రూలు. బోర్లా విప్పి పెట్టి ఉన్న లాప్‌టాప్ నాది కాదు, ఆయనది. ఏం చేయబోతున్నాడో నాకు వెంటనే అర్థమైంది. ఇద్దరిదీ ఒకే మోడల్, ఒకే బోర్డు, ఒకే ప్రాసెసర్. తన బోర్డు తీసి నా మెషీన్‌లో వేస్తున్నాడు. నా డిస్కు ఒక్కటే తన దాంట్లో వేసివ్వొచ్చు గానీ, దాని తెర గీతలు పడి ఆఫీసర్ల ముందు పెట్టేటట్టు లేదు.

"నీ గని ఎట్ల మామా?" అని అడిగాను. అడిగాననిపించుకోవడానికి అడిగాను, అంతే.

ఆయన తలెత్తకుండానే చెప్పాడు. "మా వర్క్‌షాపులో ఒక పద్ధతుండె. కేజ్‌ని పైకి లాగే మెషీన్ ఒక షాఫ్ట్‌లో నిలిచిపోయి కింద మనుషులుండిపోతే, స్పేరు పార్టు వస్తాదని కూర్చునేది లేదు. ఏ షాఫ్ట్‌లో మనుషుల్లేరో చూసి, దాన్నుంచి పీక్కొచ్చి ఏసేది. ఆఫీసర్ సంతకం కూడా తరవాతే. ఇప్పుడు నీ షాఫ్ట్‌లో మనిషుండాడు. నా షాఫ్ట్‌లో ఎవురూ లేరు. అంతే, ఇంగ మాట్లాడొద్దు."

వద్దు మామా అని అనాలి నేను. అనలేదు. ఆయన ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని భయపడ్డాను కూడా. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ రెండు గంటలూ నేను టార్చి పట్టుకుని వెలుతురు సరిగ్గా పడేటట్టు చూశాను.

బిగించడం అయ్యాక బల్ల మీద మూడుసార్లు కొట్టి కరెంటు ఇచ్చాడు. తెర వెలిగింది. నా ఫుట్‌రెస్టు కనబడింది. నేను కేక పెట్టాను. ఆయన తన డిస్కును ఒక కాగితం కవర్లో పెట్టి, సొరుగులో వేసి, చేతులు తుడుచుకున్నాడు.

"ఇట్లాంటి బోర్డే యాడైనా దొరికితే తెచ్చియ్యప్పా. తొందరేం లేదు" అన్నాడు.

"నెల లోపల తెస్తాను మామా" అన్నాను. నిజంగా తెద్దామనే అన్నాను.

సోమవారం నేను నెగ్గాను. మైసూర్‌పాకు పొట్లం తీసుకుని వెళ్ళి కాళ్ళకు మొక్కాను. ఏం గీశావో చూపించమన్నాడు. ఫుట్‌రెస్టు చూసి, "మట్టి చేరితే పోయేదానికి దారి పెట్టినావా?" అని అడిగాడు. పెట్టలేదు. తర్వాత ఆఫీసులో నేను చేసిన మొదటి సవరణ అదే.

ఆ తర్వాత ఆయన దగ్గరికి నేను వెళ్ళలేదు.

బోర్డు కోసం వెతకలేదని కాదు. మొదటి నెల వెతికాను. ఒకచోట దొరికింది గానీ పనిచేస్తుందో లేదోనని సందేహించాను, అది ఎవరో కొనుక్కున్నారు. రెండో నెల పని ఎక్కువైంది. ఆ తర్వాత ఆ మోడలే బజార్లో కనబడకుండా పోయింది. బోర్డు దొరక్కపోతే ఆయన బోర్డే విప్పించి తిరిగి ఇచ్చి ఉండొచ్చు, లేదా లాప్‌టాపే కొనిచ్చి ఉండొచ్చు, పర్మనెంటు ఉద్యోగస్తుణ్ణి, నాకు ఆ మాత్రం చేతకాక కాదు. ఉట్టి చేతులతో ఎలా వెళ్ళేదని ఒక నెల ఆగాను. ఆగినకొద్దీ వెళ్ళడం కష్టమైంది. బంధువుల పెళ్ళికి రాబర్ట్‌సన్‌పేట వెళ్ళినప్పుడు ఆయన అంగడి ఉన్న వీధి తప్పించి చుట్టూ తిరిగి పోయాను. అలా మూడేళ్ళు గడిచాయి. ఫ్యాక్టరీలో పనిచేసే అక్కడివాడొకడు, "మా మేస్త్రీ పోయినాడన్నా, నిద్దట్లోనే" అని చెప్పాడు.

ఆ ఆదివారం ఇల్లు అడుక్కుంటూ వెళ్ళాను. ఛాంపియన్ రీఫ్‌లో వరసగా కట్టిన గని కార్మికుల ఇళ్ళలో ఒకటి. ఆయన భార్య తలుపు దగ్గర కూర్చుని ఉంది. మాస్తి నుంచి వచ్చానని చెప్పేసరికి ఆమె ముఖం విప్పారింది.

"బండికి కాలు పెట్టేది గీసిన పిల్లోడివి నువ్వేనా? అంగడికి ఎవురొచ్చినా నీ మాటేనప్పా. నా బోర్డు మీద ఒకడు బండ్లు గీస్తా ఉండాడని చెప్పేది, చెప్పేది. వీధిలో బండి పోతే చాలు, కాలు పెట్టేది ఎట్లుండాదో చూసేది."

"నా మీద కోపంగా ఉండేనా అమ్మా?" అని అడిగాను.

"కోపమా? ఎందుకు? తెస్తాడులే, పని ఎక్కువుంటాది పాపం అంటా ఉండె."

ఆమె లోపలికి వెళ్ళి ఆ కాగితం కవరు తెచ్చింది. దాంతోపాటు చుట్టి దారం కట్టిన కాగితాల కట్ట. పాత క్యాలెండర్ షీట్లు, వాటి వెనక స్కేలు పెట్టి గీసిన గడులు. "నువ్వు బోర్డు తెస్తే ఎక్కిచ్చుకోవల్లని గీసిపెట్టుకున్నాడప్పా. మూడేండ్లూ ఆదివారమైతే ఇదే పని. మాకేం తెలుస్తాది ఇది, నువ్వే తీసుకోని పో" అంది.

బస్టాండు దాకా నడిచి, ఒక బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఎవరైనా చూస్తారన్న ధ్యాస కూడా లేదు. ఆయన నన్ను ఒక్క మాట అని ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదు.

ఇంటికి వచ్చి ఆయన డిస్కు నా లాప్‌టాప్‌లో వేశాను. అది పుట్టిన బోర్డే కదా, వెంటనే తెరుచుకుంది. ఆయన చివరిసారి ఎక్కడ తవ్వడం ఆపాడో అక్కడే నిలబడ్డాను. ఎదురుగా తవ్వని రాయి. క్యాలెండర్ కాగితాలు నేల మీద పరిచి వరుస చూసుకున్నాను. ఒక్కొక్క కాగితం ఒక్కొక్క లెవల్. అప్పటినుంచి రోజూ షిఫ్టు నుంచి రాగానే గంటసేపు ఆ గడుల్ని చూసుకుంటూ తవ్వుతున్నాను. నా పనితనం ఆయనకు నచ్చకపోవచ్చు. గోడలు వంకరగా వస్తున్నాయి, రెండుసార్లు పట్టాలు తప్పు వైపు వేశాను, పీకి మళ్ళీ వేశాను.

నిన్న అన్నిటికంటే కింది లెవల్‌కు చేరాను. ఆ కాగితంలో, సొరంగం మలుపు తిరిగే చోట ఒక గడికి ఎర్ర పెన్సిలుతో రంగు వేసి ఉంది. పక్కనే తనకు తాను రాసుకున్న చీటీలాగా చిన్న అక్షరాలు.

"నాయన ఇక్కడ కూచోని అన్నం తింటాడు. బండ పెట్టేది మరవొద్దు."

తన షాఫ్ట్‌లో ఎవరూ లేరని నాతో చెప్పిన మనిషి రాసుకున్న మాట అది. ఆ గడిలో బండ పెట్టాను.